మేత ముట్టని సాయంత్రం

తినవే, తిని చావవే అనబోయి ఆమె నాలుక కరుచుకుంది. ఈ గాజు తొట్టి ముందు చావు మాట ఎత్తకూడదని తనకు తానే పెట్టుకున్న నియమం. మామూలుగా ఆ మాట ఆమె నోట్లో ఆడుతూనే ఉంటుంది. లిఫ్టు రాకపోతే ఎక్కడ చచ్చిందో అంటుంది, కుక్కరు కూత పెట్టకపోతే దీనికేం చావొచ్చింది అంటుంది, మొగుడు ఫోనెత్తకపోతే రెండూ కలిపి అంటుంది. కానీ తొట్టిలో ఆరు చేపలు మూడయ్యాక ఆ మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోవడం నేర్చుకుంది. మింగిన మాట ఊరుకుంటుందా, కడుపులో మంటై కూర్చుంది. ఫ్రీజర్లోంచి తీసిన ఎర్ర పురుగుల ముక్క నీళ్ళలో వేసి చాలాసేపే అయింది. గడ్డ కరిగి, పురుగులు దారప్పోగుల్లా విడిపోయి, మెల్లగా దిగి అడుగున పరుచుకున్నాయి. మూలనున్న రెండు చేపలూ వాటి వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. డిస్కస్ చేపలు, చిన్న పళ్ళెమంతేసి ఉంటాయి, గుండ్రంగా, పల్చగా. షాపులో చూసినప్పుడు ఒంటి నిండా ఎరుపు, ఎరుపు మీద నీలి గీతలు, చూస్తూ నిలబడితే కాళ్ళనొప్పులు తెలియలేదు. ఇప్పుడు ఆ రెండూ తోక దాకా నల్లబడి, ఫిల్టరు గొట్టం పక్కన గోడ కేసి ముఖం పెట్టుకుని నిలబడ్డాయి, అలిగి అన్నం మానేసిన ఆడపడుచుల్లా. మూడోది మాత్రం, ఆమె 'పిరికిది' అని పిలిచే చేప, అవతలి మూల నుంచి దొంగచాటుగా వచ్చి ఒక్కో పురుగూ లాక్కుపోతోంది. తినాల్సినవి తినవు, ఇది మాత్రం మూడింటి వాటా తిని రేపు పొట్ట ఉబ్బించుకుంటుంది.

నేల మీద, ఆమె కాళ్ళ దగ్గర, బకెట్ నిండా మందు కలిపిన నీలి నీళ్ళు ఉన్నాయి, పక్కన చేతి వల ఉంది. సాయంత్రం మేత కూడా ముట్టకపోతే రెండింటినీ పట్టి బకెట్లో వేసేయండి అన్నాడు చేపల షాపతను. ఆ మనిషికి ఆమె 'ఏంకాదులెండి' అని పేరు పెట్టుకుంది. నీళ్ళు తెల్లగా పాలిపోయాయంటే ఏం కాదులెండి, చేప ఒక పక్కకి ఒరిగిందంటే ఏం కాదులెండి, చచ్చిపోయిందంటే కూడా ముందు ఏం కాదులెండి అనేసి తర్వాత అయ్యో అంటాడు. ఒకసారి రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టమంటాడు, ఇంకోసారి ఎక్కువ పెట్టడం వల్లే పోయిందంటాడు. నీళ్ళు మార్చమంటాడు, అన్ని నీళ్ళెందుకు మార్చారంటాడు. ఏ రోజు ఏ నోటితో మాట్లాడతాడో అతనికే తెలియదు. అయినా ఇవాళ అతను చెప్పిందే చేయాలి, ఇంకెవరున్నారు చెప్పడానికి? డ్రైవింగ్ స్కూల్లో ఆఖరి క్లాసు చెప్పి ఆయన వచ్చే లోపల పని అయిపోవాలి. ఆయన వచ్చేసరికి చచ్చిన చేప ఈ ఇంట్లో ఉండకూడదు. ఇప్పటి దాకా పోయిన మూడింటినీ ఆయన చూడలేదు, ఒకటి తగ్గిందేంటి అని అడిగితే షాపుకి తిరిగి ఇచ్చేశాననీ, మిగతావాటితో పడలేదనీ చెప్పింది. నమ్మాడో లేదో, తలూపాడు. ఆయన తలూపితే అది నమ్మడమో, ఊరుకోవడమో ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకి ఇప్పటికీ అంతుపట్టలేదు.

నలుపు, నలుపు అనుకుంటోంది, ఆ రంగు మీద ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆసుపత్రిలో ఆమె పనంతా నలుపు కోసమే కదా. పైన ఆపరేషన్లలో వాడిన కత్తెరలు, కత్తులు, పట్టకార్లు ట్రేలలో కిందికి దిగుతాయి; కడిగి, బ్రష్షుతో సందులు తోమి, ఆరబెట్టి, లెక్క చూసి, ఆకుపచ్చ గుడ్డలో రెండు మడతలుగా చుట్టి, పైన టేపు అంటించి ఆవిరి యంత్రంలోకి తోస్తుంది. యంత్రం తెరిచాక టేపు మీది గీతలు నల్లగా మారి ఉంటే శుభ్రమైనట్టు, ఒక్క క్రిమి కూడా మిగలనట్టు. గీతలు పాలిపోయి ఉంటే మొత్తం మళ్ళీ మొదటి నుంచి. ఆమె చేతి మీదుగా పైకి వెళ్ళిన ట్రే ఒక్కటీ వెనక్కి రాలేదు, పెద్ద సిస్టర్ కొత్తవాళ్ళకి ఆమెని చూపించి చేయి అంటే అలా ఉండాలి అంటుంది. ఆ చేతులే కదా కొంప ముంచింది. తొట్టి పెట్టిన కొత్తలో ఫిల్టరులో స్పాంజి గోధుమరంగుకి తిరిగి, నొక్కితే బురద కారుతుంటే ఆమెకి ఒళ్ళంతా గొంగళిపురుగు పాకినట్టయింది. ఇంత మురికిలో చేపలు ఊపిరెలా తీస్తున్నాయని జాలి కూడా పడింది. పెద్ద గిన్నెలో నీళ్ళు కాచి, స్పాంజిని వేసి, మూత పెట్టి, బాగా ఉడకబెట్టింది. పిండి ఆరేశాక కొత్తదానిలా తెల్లగా మెరిసిపోతుంటే ఎంత తృప్తి! ఆ వారంలోనే మూడు పోయాయి. "ఉడకబెట్టారా?" అన్నాడు ఏంకాదులెండి, ఆ రోజు మాత్రం తన మాట తను మర్చిపోయాడు. "అమ్మా, ఆ బురదలోనే ఉంటాయమ్మా మంచి క్రిములు. చేపల పెంటని అవే తినిపెడతాయి. అవి లేకపోతే నీళ్ళే విషం." మంచి క్రిములట. ఆమె ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఇవాళ్టి దాకా క్రిమి పక్కన మంచి అనే మాట వినలేదు. పోలీసుకి మంచి దొంగ అని చెబితే ఎలా ఉంటుంది?

అసలు ఈ తద్దినం ఎందుకు తలకెత్తుకున్నట్టు? చక్కగా పని నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోక, ఫ్రీజర్లో పురుగులు పెట్టుకుని, వాటికి మూడు సంచులు తొడిగి, ఆ సంచుల్ని డబ్బాలో పెట్టి, డబ్బా మీద ముట్టుకోవద్దు అని రాసి. అదీ చాలక పశువు గుండె తెచ్చి, కొవ్వూ నరాలూ ఒక్కటి మిగలకుండా గీకి, సన్నగా తరిగి ముద్దలు చేసి. కొట్టు దగ్గర ఆమె గుండెని తిప్పి తిప్పి చూస్తుంటే కసాయి కూడా, ఆపరేషన్ చేస్తున్నావా తల్లీ అనేవాడు. ఎందుకంటే ఒక మాట. ఒకే ఒక్క మాట, అదీ నవ్వుతూ అన్నది. కిటికీలో సీసాలో పెట్టిన తీగ మొక్క కుళ్ళిపోయింది. ఆమే పెట్టింది, ఆమే రోజూ నీళ్ళు మార్చింది, నీళ్ళు వాసన రాకుండా రెండు చుక్కలు నేల తుడిచే మందు కూడా వేసింది. ఆదివారం మధ్యాహ్నం ఆయన అన్నం కలుపుకుంటూ ఆ సీసా వైపు చూసి, "నీ శుభ్రతకి దణ్ణం. ఈ ఇంట్లో ఏదీ బతకదులే" అన్నాడు. అని నవ్వాడు. నవ్వు సగంలో ఉండగానే ఏమన్నాడో ఆయనకే తెలిసినట్టుంది, నోరు అలాగే ఉండిపోయి, ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఆమె మజ్జిగ వంచింది. ఆయన తిన్నాడు. లేచి తన కంచం తనే కడుక్కున్నాడు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి, బోర్లించడం కూడా రాలేదు, పక్కన నిలబెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ మాట ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. మరుసటి వారం ఆమె వెళ్ళి తొట్టి కొనుక్కొచ్చింది. తేలిగ్గా బతికేవి ఇస్తానన్నాడు షాపతను, గిన్నెలో వేసినా బతుకుతాయట. అక్కర్లేదంది. అన్నిటికన్నా పెంచడం కష్టమైనవి ఏవి అని అడిగింది. అతను వింతగా చూసి, వీటిని చూపించాడు.

చూడండి, బతికించి చూపిస్తాను అనుకుంది. ఎవరికి చూపించడం? ఆయన అన్నది మొక్కని. ఆమెకి వినపడింది మొక్క కాదు. రెండుసార్లు నిలవలేదు, మొదటిది తెలిసీ తెలియకుండానే పోయింది, రెండోది కదలికలు తెలిశాక. ఆసుపత్రి కూడా తను పనిచేసేదే, పై అంతస్తు. ఆ రోజు పై నుంచి దిగిన ట్రేని పెద్ద సిస్టర్ ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే కడిగిందని చాలా రోజుల తర్వాత ఎవరో చెప్పారు. చెప్పకపోయినా బాగుండేది. తర్వాత కొన్నాళ్ళు ఆమె ఏ ట్రే కడిగినా ఇదేనా, ఇదేనా అనుకుంది. డాక్టరమ్మ, వయసుంది, మళ్ళీ ప్రయత్నించండి అంది. ఆయనా మళ్ళీ అన్నాడు, ఒకసారి, రెండుసార్లు, చాలా మెల్లగా, కొత్తగా స్టీరింగు పట్టినవాళ్ళతో మాట్లాడే గొంతుతో. ఏం భయం లేదు, నేను పక్కనే ఉంటాను, నా కాలి కింద కూడా బ్రేకు ఉంది అన్నట్టు. ఏం ఉంది ఆయన కాలి కింద? ఏ బ్రేకు ఆపింది? వద్దు అంది. ఇంకోసారి ఆ ఊసెత్తితే ఊరుకోను అంది. ఆయన ఎత్తలేదు. అక్కడి నుంచి ఇల్లు కడగడం ఎక్కువైంది. అది ఆమెకి తెలుసు, తెలియదనుకుంటారు గానీ తెలుసు. చేతులు ఊరికే ఉంటే ఏవేవో గుర్తొస్తాయి, తోముతూ ఉంటే రావు, అంతే. దానికి శుభ్రత అని పేరు పెట్టి దణ్ణం పెడితే ఎలా?

పిరికిది మళ్ళీ వచ్చింది. గొట్టం దాపుల్లో ఒక్క పురుగు పడి ఉంది, దాని కోసం ముక్కు సాచిందో లేదో, నల్లవాటిలో పెద్దది ఒక్క ఊపులో వచ్చి గుద్దింది. నీళ్ళు చెదిరాయి, పిరికిది తొట్టి చివరికి పోయి గాజుకి అతుక్కుంది. ఇదొకటి! తిండి తినని ఒంటికి ఈ పొగరెక్కడిది? తను తినదు, పక్కదాన్ని తిననివ్వదు. పోనీ జబ్బు చేసి పడుకుందా అంటే పడుకోదు, కాపలా కుక్కలా కొట్లాటకి దిగుతుంది. పది రోజుల నాడు ఇలాగే చేశాయి, ఎదురెదురుగా నిలబడి చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. చలేమో అని హీటరు ఒక గీత పెంచింది. వేడేమో అని మళ్ళీ తగ్గించింది. ఆ గొట్టం మీద ఏదో జిగురు కూడా పట్టింది అప్పుడే, ఆవగింజలో సగం లేని నలుసులు, వరసలు వరసలుగా, వేలు పెడితే అంటుకున్నాయి. అందులోంచే జబ్బు పుడుతోందనుకుని మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచేసింది. తుడిచాక రెండు రోజులు అవి గొట్టం చుట్టూ తిరిగి తిరిగి, మూడో రోజు తిండికి వచ్చాయి. రంగు తేరాయి. హమ్మయ్య, మురికి వదిలింది, జబ్బు వదిలింది అనుకుంది. ఇప్పుడు మళ్ళీ మొదలు. నిన్న ఆసుపత్రిలో ఇంకొకామె డ్యూటీ కూడా తన నెత్తిన పడి తొట్టి తుడవలేదు, ఒక్క రోజు చేయి పడకపోతే ఇదీ వరస. ఎంత చేసినా అంతే. నీళ్ళు పట్టి ఉంచు, క్లోరిన్ వాసన పోయేదాకా ఆగు, వెచ్చబెట్టు, మోసుకొచ్చి తొట్టిలో వంపు, అడుగున పెంట గొట్టంతో లాగు, నడుం పట్టేసినా సరే లాగు. కన్నవాళ్ళకి కూడా ఇంత చేయరు. ఒక్క ముద్ద తినండే అంటే ముఖం గోడకి తిప్పుకుంటాయి. తిననివాళ్ళ ముందు కూర్చోవడం కన్నా నరకం ఇంకోటి ఉందా? ఆ పై అంతస్తు నుంచి ఇంటికి వచ్చాక ఆయన కూడా ఇలాగే గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చునేవాడు, ఒక్క ముద్ద, ఒక్క ముద్దే అంటూ. ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. అన్నం చల్లారేది. ఆయన లేచి వెళ్ళి మళ్ళీ వెచ్చబెట్టుకొచ్చేవాడు. ఈ సంగతి ఇన్నేళ్ళుగా గుర్తుకు రానిది ఇప్పుడెందుకొచ్చినట్టు?

కిటికీలో వెలుగు తగ్గింది. కింద వీధిలో ఎవరో నేర్చుకుంటున్న కారు ఆగి, ఒక్క కుదుపుతో కదిలి, మళ్ళీ ఆగింది. ఇక లాభం లేదని లేచి వల తీసుకుంది. బకెట్ని తొట్టి దగ్గరకి జరిపింది, చేతులు మోచేతుల దాకా కడుక్కుంది, వల నీళ్ళలోకి దించింది. ఇన్ని నెలల్లో వల చూస్తే చాలు, మూడూ చెల్లాచెదురై గాజుకి తలలు కొట్టుకునేవి. ఇప్పుడు నల్లవి రెండూ కదలలేదు. వల దగ్గరకి వచ్చే కొద్దీ రెక్కలు విప్పుకుని ఇంకాస్త పెద్దవయ్యాయి. అప్పుడు పెద్దది వచ్చి వలని గుద్దింది. ఆమె ఛీ అని ఇంకాస్త ముందుకి తోసింది. అది వలని వదిలేసి నేరుగా ఆమె వేలి కణుపు మీద కొట్టింది. నొప్పేం కాదు, గోరుతో మీటినట్టు, అయినా ఆమె చేయి లాక్కుంది, వల నీళ్ళలోనే ఉండిపోయింది. తినడానికి ఓపిక లేని దానికి కొట్టడానికి ఎలా వచ్చింది ఓపిక? అప్పుడు మొదటిసారి, చేపల్ని కాకుండా, అవి దేన్ని అంటిపెట్టుకుని ఉన్నాయో దాన్ని చూసింది. తొట్టి పక్కకి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, గాజుకి చెంప ఆనించింది. గొట్టం మీద నలుసులు. వరసలు వరసలుగా, తేనె రంగులో, ఒక్కో దాని లోపల చుక్క. చిన్నది వాటి ముందు నిలబడి పక్క రెక్కతో ఆగకుండా నీళ్ళు విసురుతోంది, ఉక్కపోతలో ఉయ్యాల దగ్గర విసనకర్ర పట్టుకున్న మనిషిలా. తెల్లగా పాలిపోయిన ఒక్కదాన్ని నోటితో జాగ్రత్తగా ఏరి తీసేసి, మళ్ళీ విసరడం మొదలుపెట్టింది. పెద్దది ఇంకా వల వైపే చూస్తోంది.

ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వేళ్ళకి ముందు తెలిసింది, గుడ్డ పట్టుకున్న వేళ్ళకి, ఆ జిగురు గుర్తొచ్చింది, గుడ్డ మడత తిప్పి రెండోసారి తుడిచిన సంగతి గుర్తొచ్చింది. తర్వాత ఆ రెండూ గొట్టం చుట్టూ ఎందుకు తిరిగాయో తెలిసింది. ఏడుపు వచ్చింది. ఎంతకాలానికో వచ్చిన ఏడుపు, చప్పుడు కూడా చేయలేదు, ఊపిరి గాజు మీద ఆవిరై మసకేస్తుంటే తుడవబోయి చేయి ఆపుకుంది. వలని నీళ్ళు కదలకుండా అంగుళం అంగుళంగా పైకి తీసింది. బకెట్ని స్నానాలగదికి మోసుకెళ్ళి నీలి నీళ్ళన్నీ పారబోసింది. ఇంకాసేపు ఆగకుండా ఆ రెండింటినీ అందులో వేసేసి ఉంటే అన్న ఆలోచన వచ్చి, బకెట్ అడుగున మిగిలిన చుక్కలు కూడా దులిపింది. అక్కడి నుంచే షాపుకి ఫోన్ చేసింది.

"జబ్బు కాదమ్మా, జంట కట్టాయి!" అన్నాడు అతను, తనే కట్టించినట్టు. "గుడ్ల దగ్గర కాపలా ఉంటే తిండి మీద ధ్యాస ఉండదు వాటికి. నల్లబడతాయి కూడా. మీరు రోజూ వెచ్చటి నీళ్ళు మారుస్తారు చూడండి, దానికే పెట్టి ఉంటాయి."

"పిల్లలొస్తే ఏం పెట్టాలి?"

"మీరేం పెట్టక్కర్లేదు. తల్లీ తండ్రీ ఒంటి మీద జిగురు వస్తుంది, అదే మేత. పిల్లలు దానికే అంటుకుని తింటాయి. మీరు చేయి పెట్టకుండా ఉంటే చాలు." ఆగి అన్నాడు, "అయినా ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మొదటిసారి వాటికి చేతకాదు, గుడ్లు తినేస్తాయి. ఏం కాదులెండి, మళ్ళీ పెడతాయి."

మళ్ళీ అన్న మాట ఆమెకి ఎప్పటిలాగే గుచ్చుకుంది. కానీ ఈసారి ఫోన్ పెట్టేయలేదు. "మొదటిసారి కాదు" అంది. "వాటికి ఇది రెండోసారి."

"మీకెలా తెలుసు?"

"తెలుసు" అని పెట్టేసింది.

వెనక్కి తిరిగితే ఆయన గుమ్మంలో ఉన్నాడు, ఒక చెప్పు విడిచి, ఒకటి విడవక. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. ఆమె ముఖం చూసి, పక్కనే ఖాళీ బకెట్ చూసి, ముందు గదిలోకి వెళ్ళి తొట్టిలోకి చూశాడు. మూడూ ఉన్నాయో లేదో లెక్కపెడుతున్నాడని వెనకే వచ్చిన ఆమెకి తెలిసింది. అంటే షాపుకి ఇచ్చేశానన్న మాట ఏ రోజూ నమ్మలేదన్నమాట, తలూపి ఊరుకున్నాడన్నమాట. కోపం రావాల్సింది, వచ్చేంత ఓపిక లేకపోయింది.

"రెండోసారేంటి?" అన్నాడు.

"గుడ్లు పెట్టాయి. ఆ గొట్టం మీద, చూడండి."

ఆయన వంగి చూశాడు. "మొదటిసారివి?"

"మురికనుకుని తుడిచేశాను."

 నీకు తెలీదు కదా అంటాడనుకుంది, అనలేదు. తొట్టి దీపం వెలుగులో ఆయన చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు కనిపించాయి, గడ్డం కింద చర్మం వదులైంది, ఎప్పుడైందో. కుర్చీ తెచ్చుకోబోయి, నేల మీద లాగితే చప్పుడవుతుందని రెండు చేతులతో ఎత్తి తెచ్చి ఆమె పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నది విసురుతోంది. పెద్దది వీళ్ళిద్దరి మీద ఓ కన్నేసి ఉంచి, కాసేపటికి చిన్నదాన్ని తోసి ఆ చోట తను నిలబడి విసరడం మొదలుపెట్టింది. ఈ గుడ్లు ఉంటాయో పోతాయో, రేపు పొద్దున లేచేసరికి వాటినే మింగి ఏమీ ఎరగనట్టు తిండికి వస్తాయో ఆమెకి తెలియదు. తెలియకుండా ఇలా కూర్చోవాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని. అది ఆమెకి ఏ పని కన్నా కష్టంగా ఉంది.

"ఆ రోజు నేనన్న మాట" అన్నాడు ఆయన, తొట్టి వైపే చూస్తూ. "అన్నం తింటూ. నవ్వుతూ అన్నాను గానీ..." ఆగిపోయాడు. ఆ మాట కోసమే ఆమె ఆరు చేపల్ని తెచ్చింది, ఆ మాట కోసమే పురుగుల్ని ముట్టుకుంది, ఆ మాటే నిద్ర లేస్తూనూ, ట్రేలు తోముతూనూ, నీళ్ళు మోస్తూనూ నోట్లో తిప్పుకుంది, ఏనాటికైనా ఆయన నోటితో తిరిగి అనిపించి కడిగి పారేయాలనుకుంది.

"ఏ మాట?" అంది.

ఆయన తల తిప్పి ఆమెని చూశాడు. 

"మెల్లగా మాట్లాడండి" అంది ఆమె. "బెదురుతాయి."